చిన్న బడికి పెద్ద పట్టా చాలదు

* ఎస్జీటీ కొలువుకు బీఎడ్ అర్హత కాదు
* డీఎల్‌ఎడ్, టెట్, డీఎస్సీ.. మూడు మెట్లూ ఎక్కాల్సిందే
* ఇంటర్ పూర్తయిన నాడే దారి ఎంచుకోవడం మేలు

ఇందుకూరుపేట: బడి పంతులు కావాలన్నది తీరప్రాంత పల్లెల్లో తరతరాల కల. వేట మీద, రొయ్యల గుంటల మీద, మాగాణి కూలి మీద ఆధారపడిన ఇళ్లలో ఒక్కరు ఉపాధ్యాయులైతే చాలు, కుటుంబం ఒడ్డున పడుతుందన్న నమ్మకం బలంగా ఉంది. అందుకే డిగ్రీ పూర్తికాగానే అప్పో సప్పో చేసి బీఎడ్‌లో చేర్పించడం పరిపాటి. మూడేళ్ల డిగ్రీ, రెండేళ్ల బీఎడ్ కలిపి అయిదేళ్లు చదివిన అభ్యర్థి ఒకటో తరగతి పిల్లలకు అక్షరాలు దిద్దించే కొలువుకు మాత్రం అర్హుడు కాడు. అదే కొలువుకు ఇంటర్ తరువాత రెండేళ్ల డీఎల్‌ఎడ్ చదివిన వారు అర్హులు. ఈ తేడా తెలియక దారి తప్పితే విలువైన ఏళ్లు, సొమ్ము రెండూ పోతాయి.

తీర్పు ఏం చెప్పింది?

ఒకటి నుంచి అయిదో తరగతి వరకు బోధించే సెకండరీ గ్రేడ్ ఉపాధ్యాయ (ఎస్జీటీ) పోస్టులకు బీఎడ్ వారిని కూడా తీసుకోవచ్చని జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి (ఎన్‌సీటీఈ) 2018 జూన్ 28న ప్రకటించింది. నియామకం జరిగిన రెండేళ్లలోగా ఆరు నెలల బ్రిడ్జి కోర్సు పూర్తి చేయాలని షరతు పెట్టింది. దీనిపై రాజస్థాన్‌లో మొదలైన వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. ఆ ప్రకటన చెల్లదని 2023 ఆగస్టు 11న ధర్మాసనం తీర్పునిచ్చింది. ఉచిత నిర్బంధ విద్య ప్రాథమిక హక్కు అయినప్పుడు ఆ విద్య నాణ్యమైనదిగా ఉండాలని, చిన్నపిల్లలకు బోధించే ప్రత్యేక శిక్షణ బీఎడ్‌లో లేదని స్పష్టం చేసింది.

తీర్పునకు ముందే నియమితులైన వారికి 2024 ఏప్రిల్‌లో న్యాయస్థానం ఊరట కల్పించింది. వారు బ్రిడ్జి కోర్సు పూర్తి చేయాల్సి ఉంటుంది. కొత్తగా వచ్చే వారికి మాత్రం ఆ వెసులుబాటు లేదు. మన రాష్ట్రంలో 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు వెలువడిన డీఎస్సీ ప్రకటనలో ఎస్జీటీకి బీఎడ్ వారిని అనుమతించగా హైకోర్టు అడ్డుకుంది. అనంతరం ఆ ప్రకటనే రద్దయింది.

తేడా ఎక్కడుంది?

బీఎడ్ తక్కువ చదువేమీ కాదు. అది వేరే పనికి ఉద్దేశించిన చదువు. గణితమో, భౌతికశాస్త్రమో, సాంఘిక శాస్త్రమో ఒక విషయాన్ని ఎంచుకుని ఉన్నత పాఠశాల విద్యార్థికి బోధించే మెలకువలను అది నేర్పుతుంది. అప్పటికే చదవడం, రాయడం వచ్చిన పిల్లలు ఆ తరగతి గదిలో ఉంటారు.

ప్రాథమిక పాఠశాలలో పరిస్థితి ఇందుకు భిన్నం. ఆరేళ్ల పిల్లవాడికి పలక పట్టడం నుంచి మొదలుపెట్టాలి. శబ్దానికి, అక్షరానికి ఉన్న సంబంధాన్ని చెవికి, కంటికి, చేతికి ఒకేసారి అలవాటు చేయాలి. అంకెను నోటితో వల్లించడం వేరు, పది గవ్వలు లెక్కపెట్టి పదికి అర్థం తెలుసుకోవడం వేరు. పాలేల్లో మత్స్యకారుల పిల్లలకు వల, పడవ, గాలివాటం తెలుసు. ఇంట్లో పలికే మాటకు, పుస్తకంలోని మాటకు తేడా కూడా ఉంటుంది. యానాది కాలనీల్లో తల్లిదండ్రులు పనుల కోసం వలస వెళితే పిల్లలు బడి మానే ప్రమాదం ఉంది. వారికి తెలిసినదాని నుంచే పాఠాన్ని అల్లగలిగిన ఉపాధ్యాయుడు ఉంటే ఆ పిల్లలు బడిలో నిలుస్తారు. పైగా ఒకరిద్దరు ఉపాధ్యాయులే ఉన్న బడిలో ఒక తరగతికి పని అప్పగించి మరో తరగతికి పాఠం చెప్పే నేర్పు కావాలి. శిశు మనస్తత్వం, తొలి పఠనం, బోధనోపకరణాల తయారీ, బహుళ తరగతుల బోధన వంటివి ప్రాథమిక విద్యా శిక్షణకు ఆయువుపట్టు.

పెన్నా ఒడ్డున శిక్షణ

ఈ శిక్షణకు జిల్లాలో ప్రభుత్వ సంస్థ ఇందుకూరుపేట మండలం పల్లిపాడులోని జిల్లా విద్యా శిక్షణ సంస్థ (డైట్). 1986 నాటి జాతీయ విద్యా విధానం ఫలితంగా దేశమంతటా ఇలాంటి సంస్థలు ఏర్పడ్డాయి. 1921 ఏప్రిల్ 7న మహాత్మాగాంధీ ప్రారంభించిన పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమం ఉన్నదీ ఈ ఊళ్లోనే. ఒకప్పుడు టీటీసీగా, తరువాత డీఎడ్‌గా పిలిచిన కోర్సునే ఇప్పుడు డీఎల్‌ఎడ్ అంటున్నారు. ఇంటర్‌లో 50 శాతం మార్కులు ఉన్నవారు డీఈఈసెట్ రాసి ప్రవేశం పొందవచ్చు. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు మార్కుల్లో సడలింపు ఉంది. డిగ్రీ చదివిన వారు కూడా ఈ కోర్సులో చేరవచ్చు. ప్రైవేటు కళాశాలలో చేరేవారు ఎన్‌సీటీఈ గుర్తింపు ఉందో లేదో ముందే చూసుకోవాలి. డీఈఈసెట్ అర్హత లేకుండా చేరిన వారి ప్రవేశాలు గతంలో వివాదాల్లో చిక్కుకున్నాయి.

పట్టా తరువాత రెండు పరీక్షలు

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. అదే ఏడాది ఆగస్టు 23న ఎన్‌సీటీఈ ఇచ్చిన ఉత్తర్వుతో ఉపాధ్యాయ అర్హత పరీక్ష (టెట్) తప్పనిసరైంది. ఎస్జీటీ అభ్యర్థులు పేపర్-1 రాయాలి. శిశు వికాసం, మొదటి భాష, ఆంగ్లం, గణితం, పరిసరాల విజ్ఞానం ఒక్కొక్కటి 30 చొప్పున మొత్తం 150 మార్కులు. ఓసీలకు 60 శాతం, బీసీలకు 50 శాతం, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 40 శాతం వస్తే అర్హత లభిస్తుంది. ఒకసారి అర్హత సాధిస్తే జీవితాంతం చెల్లుతుంది.

టెట్ కొలువు ఇవ్వదు, పోటీకి ద్వారం మాత్రమే తెరుస్తుంది. కొలువు దక్కాలంటే డీఎస్సీలో నెగ్గాలి. ఎంపికలో డీఎస్సీ పరీక్షకు 80 మార్కులు, టెట్‌కు 20 మార్కుల వెయిటేజీ ఉంటుంది. అందువల్ల టెట్‌లో అత్తెసరు మార్కులతో గట్టెక్కితే చాలనుకోవడం పొరపాటు. ఎస్జీటీ పోస్టుల్లో 80 శాతం జిల్లాలోని స్థానికులకే దక్కుతాయి.

ఎదురుచూపు తప్పదు

ఈ దారిలో అసలు కష్టం నిరీక్షణే. డీఎస్సీ-2018 తరువాత మళ్లీ పరీక్షలు జరిగింది 2025 జూన్‌లోనే. 16,347 పోస్టులకు ఏప్రిల్ 20న ప్రకటన వెలువడింది.  ఎంపికైన వారికి సెప్టెంబరు 25న నియామక పత్రాలు అందజేశారు. మధ్యలో గడిచిన ఏళ్లలో ఎందరో అభ్యర్థులు ప్రైవేటు బడుల్లో చాలీచాలని జీతాలతో నెట్టుకొచ్చారు.

అర్హతల తగాదా ఎంత దూరం లాగుతుందో డీఎస్సీ-2008 చెబుతుంది. అప్పట్లో ఎస్జీటీ పోస్టుల్లో 30 శాతాన్ని డీఎడ్ వారికి కేటాయించడంతో మెరిట్ జాబితాలో ఉన్న బీఎడ్ అభ్యర్థులు నష్టపోయారు. వారిలో 2,193 మందికి మినిమం టైం స్కేలుతో అవకాశం ఇవ్వాలని ప్రభుత్వం నిర్ణయించింది 2021లో. అంటే పదమూడేళ్ల తరువాత!

డిగ్రీ వృథా కాదు

అలాగని డిగ్రీని తేలిగ్గా తీసుకోరాదు. ఎస్జీటీగా చేరిన వారు స్కూల్ అసిస్టెంటుగా పదోన్నతి పొందాలంటే డిగ్రీ, బీఎడ్ ఉండాలి. ఇప్పటికే బీఎడ్ చేసిన వారికి ఉన్నత పాఠశాలల స్కూల్ అసిస్టెంట్ పోస్టులు ఉన్నాయి. వారు టెట్ పేపర్-2 రాసి సంబంధిత సబ్జెక్టులో పోటీ పడాలి. చిన్నపిల్లలకే బోధించాలన్న కోరిక ఉంటే డీఎల్‌ఎడ్‌లో చేరక తప్పదు.

డిగ్రీతో పాటే ప్రాథమిక బోధన నేర్పే ఆలోచన కొత్తదేమీ కాదు. ఢిల్లీ విశ్వవిద్యాలయం 1994లోనే నాలుగేళ్ల బీఎల్‌ఎడ్ ప్రారంభించింది. ఆ బాటలోనే 2020 జాతీయ విద్యా విధానం నాలుగేళ్ల సమీకృత ఉపాధ్యాయ విద్య (ఐటెప్)ను ప్రతిపాదించింది. 2030 నాటికి ఉపాధ్యాయులకు ఇదే కనీస అర్హత కావాలన్నది లక్ష్యం. ఇంటర్ తరువాత జాతీయ స్థాయి ప్రవేశ పరీక్ష ఎన్‌సెట్ ద్వారా ఇందులో చేరవచ్చు. ఏ తరగతుల బోధనకు శిక్షణ పొందాలో కోర్సులోనే ఎంచుకోవాల్సి ఉంటుంది కనుక చేరేముందే నిర్ధారించుకోవాలి.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. ఇంటర్ ఫలితాలు, ప్రవేశ పరీక్షల ప్రకటనలు వచ్చేదీ ఇంచుమించు ఆ రోజుల్లోనే. పడవలు ఒడ్డున ఉండి ఇంట్లో రాబడి ఆగిన వేళ కన్నవారు పిల్లల చదువుపై నిర్ణయం తీసుకోవాల్సి వస్తుంది. ఆ నిర్ణయానికి ముందు అడగాల్సింది ఒక్కటే ప్రశ్న: చిన్న బడిలో చెప్పాలా, పెద్ద బడిలో చెప్పాలా? జవాబు తేలితే ఏ దరఖాస్తు నింపాలో కూడా తేలుతుంది.