టర్బో పెద్దదైనచో బలము పెరుగునా?

హోసూరు పరిసరములలో వాహన కర్మాగారములు వెలసిన నాటినుండి, మన పిల్లల తల్లిదండ్రులలో ఇంజనులతో సంబంధము గలవారు పెక్కురైనారు. కొందరు లారీలు నడుపుచున్నారు. కొందరు మరమ్మతు షెడ్లు పెట్టుకొనిరి. వారి నోట తఱచుగా వినవచ్చు మాట యొకటి కలదు: “పెద్ద టర్బో వేసినచో బండి మరింత లాగును.” ఈ మాటలో సగము నిజము. తక్కిన సగమునకు లారీ యజమానులు రొక్కము చెల్లించుకొనుచున్నారు. కావున దీనిని కొంచెము విడమరచి చెప్పదలచితిని.

ఇంజనులో బలము పుట్టుటకు ఇంధన మొక్కటియే చాలదు. దానిని కాల్చుటకు గాలి కావలెను. కొలిమిలో బొగ్గు ఎంత పోసినను, తిత్తి ఊదనిదే ఇనుము ఎఱ్ఱబడదు గదా! టర్బో యనునది ఇంజనుకు తిత్తి వంటిది. అయితే కొలిమితిత్తికి మనిషి కావలెను. ఈ తిత్తిని ఆడించునది ఇంజను విడిచిన పొగయే. ఇంధనపు శక్తిలో సుమారు మూడవ వంతు వేడి వాయువులతో పొగగొట్టము వెంట పోవుచుండును. ఆ వాయువులు టర్బైను చక్రమును త్రిప్పును. అదే ఇరుసు రెండవ కొనయందున్న కంప్రెసరు చక్రము బయటి గాలిని పీల్చి, ఒత్తి, సిలిండర్లలోనికి పంపును. చిన్న ఇంజనులలో ఈ ఇరుసు నిమిషమునకు లక్ష చుట్లకు పైగా తిరుగుట సామాన్యము.

ఈ ఉపాయమునకు 1905లో పేటెంటు కోరినవాడు స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకి. 1918లో అమెరికాయందు శాన్‌ఫర్డ్ మాస్ అనునాతడు 14,000 అడుగులకు మించిన పైక్స్ పీక్ శిఖరముపైకి లిబర్టీ విమానపు ఇంజనును చేర్చి పరీక్షించెను. సముద్రమట్టమున 350 అశ్వశక్తి నిచ్చు ఆ ఇంజను అచటి పలుచని గాలిలో 230కి దిగజారినది. టర్బో తగిలించగా 356 ఇచ్చినది!

ఇక పరిమాణము మాట. ఒకే లోహముతో, ఒకే ఆకారమున చేసిన రెండు చక్రములలో ఒకదాని వ్యాసము రెండవదానికి రెట్టింపైనచో, దాని బరువు 8 రెట్లగును. తిరుగుటకు అది చూపు జడత్వము 32 రెట్లగును. (పై తరగతి పిల్లల నడుగుడు, లెక్క వేసి చూపగలరు.) అందువలన పెద్ద టర్బో తొందరగా కదలదు. డ్రైవరు యాక్సిలరేటరు నొక్కును. క్షణమో, రెండు క్షణములో ఏమియు జరుగదు. పిమ్మట బండి ఒక్క పెట్టున దూకును. ఈ ఆలస్యమునే మెకానికులు ‘టర్బో లాగ్’ అందురు.

చిన్న టర్బోకు ఈ జాడ్యము తక్కువ. తోటకు నీరు పెట్టు గొట్టపు మూతిని బొటనవ్రేలితో నొక్కినచో ధార వేగముగా చిమ్మును. అట్లే ఇరుకు దారిలో కొద్దిపాటి పొగయు వేగము పుంజుకొని చక్రమును త్రిప్పగలదు. కాని ఇంజను వేగము హెచ్చినపుడు ఆ ఇరుకు దారియే ఉరిత్రాడగును. పొగ వెనుకకు నిలువగా, దానిని బయటకు నెట్టుటకు పిస్టనులు తమ బలమునే వెచ్చింపవలెను. ఇంధనము వృథా. మఱియు, కంప్రెసరు తన శక్తికి మించిన గాలిని త్రోయబోయి దానిని ఒత్తుటకంటె కాచుటయే ఎక్కువ చేయును. వేడెక్కిన గాలి వ్యాకోచించును గనుక సిలిండరులో పట్టు ప్రాణవాయువు తగ్గిపోవును. దీనికి విరుగుడుగా నడుమ ఇంటర్‌కూలరు నుంచి గాలిని చల్లార్చుదురు. అయినను కంప్రెసరు లోపము పూర్తిగా తీరదు.

సేలము వైపునుండి నిండు బరువుతో తొప్పూరు కనుమ ఎక్కు లారీని తలచుకొనుడు. ఇంజను మెల్లగా తిరుగుచుండును. బరువు మాత్రము పూర్తిగా ఉండును. అట్టి సమయమున పెద్ద టర్బోకు చాలినంత పొగ అందదు, అది చాలినంత గాలి పంపదు. పాత పద్ధతి పంపులు గల ఇంజనులలో డీజిలు మాత్రము పడుచునే యుండును. ఫలితము నల్లని పొగ, కాగిపోవు సిలిండర్లు, తుదకు కరగు పిస్టనులు. నల్లపొగను బలమునకు గుర్తుగా భావించువారు నేటికిని కలరు. అది సరిగా కాలని డీజిలు. కొత్త ఇంజనులలో కంప్యూటరు గాలి కొఱతను పసిగట్టి డీజిలును తగ్గించును. ఇంజను దక్కును గాని బండి లాగదు.

కార్లవారికిని ఈ చిక్కు తప్పలేదు. 1973 నాటి బి.ఎం.డబ్ల్యు. 2002 టర్బోకును, 1975 నాటి పోర్షె 911 టర్బోకును ఆలస్యముగా వచ్చి హఠాత్తుగా విరుచుకుపడు బలమని పేరు వచ్చెను. స్వీడనుకు చెందిన సాబ్ వారు 1977లో తమ 99 టర్బోతో వేఱు మార్గము త్రొక్కిరి. చిన్న టర్బో నుంచి, పొగ మితిమీరినపుడు టర్బైనును తప్పించి పోవుటకు ‘వేస్టుగేటు’ అను తలుపు పెట్టిరి. ఊరిలో నడుపు సామాన్యునకు కావలసిన బలము క్రింది వేగములలోనే చిక్కినది. నా దృష్టిలో ఇదియే తెలివైన పని. 1986 నాటి పోర్షె 959లో రెండు టర్బోలు వరుసగా పనిలోనికి దిగును. నేడు పెక్కు డీజిలు ఇంజనులలో టర్బైను చుట్టును కదలు రెక్కలు కలవు. అవి తక్కువ పొగకు దారిని ఇరుకు చేసి, ఎక్కువ పొగకు వెడల్పు చేయును.

టర్బో చెడినచో ముందుగా నూనె సరిగా అందుచున్నదో లేదో చూడుడు. అది సరిచేయక కొత్తది బిగించినను అదే గతి పట్టును. పాత టర్బోకు అంటించిన చిన్న రేకుపై సంఖ్య యుండును. కొత్తదానిపై నున్న సంఖ్యతో దానిని సరిచూచిన పిమ్మటనే డబ్బు చెల్లింపుడు.