ఎండాకాలంలో ఇన్సులిన్ నిల్వ

ఇన్సులిన్ ఒక పెప్టైడ్ హార్మోన్. 51 అమైనో ఆమ్లాలు రెండు గొలుసులుగా, గంధకపు బంధాలతో ముడిపడి ఉంటాయి. ఈ వరుసను తేల్చిన ఫ్రెడరిక్ సాంగర్‌కు 1958లో నోబెల్ బహుమతి దక్కింది. వరుసతో పాటు అణువు మడత కూడా చెదరకుండా ఉంటేనే మందు పనిచేస్తుంది.

చాలా రకాల ఇన్సులిన్ సీసాల్లో జింకు సాయంతో ఆరేసి అణువులు గుంపుగా ఉంటాయి. వేడి పెరిగే కొద్దీ గుంపులు విడిపోతాయి, మడతలు విప్పుకున్న అణువులు ఒకదానికొకటి అతుక్కుని పోగులవుతాయి. గట్టిగా కుదిపినా ఇదే జరుగుతుంది. ఈ నష్టం కంటికి కనపడకపోవచ్చు. అసలు ప్రమాదం అదే.

తెరవని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. వాడకం మొదలుపెట్టిన సీసా చాలా రకాల్లో 25–30 డిగ్రీల లోపు సుమారు నాలుగు వారాలు ఆగుతుంది. కచ్చితమైన గడువు పెట్టె మీద చూసుకోవాలి. హైదరాబాద్‌లో మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. అబిడ్స్‌లో మందుల షాపు ఫ్రిజ్‌లోంచి తీసిచ్చిన సీసాను బండి డిక్కీలో పెట్టి, ఆ బండిని నాంపల్లి స్టేషన్ దగ్గర ఎండలో నిలిపితే డిక్కీలో వేడి బయటికంటే ఎక్కువవుతుంది. మందు చేతిసంచిలో, నీడలో ఉండాలి.

వేడి కన్నా గడ్డకట్టడం ఇంకా చేటు. డీప్ ఫ్రీజర్‌లోంచి తీసిన ఐస్ ప్యాక్‌కు సీసాను నేరుగా ఆనించకూడదు, మధ్యలో గుడ్డ చుట్టాలి. ఫ్రిజ్‌లో ఫ్రీజర్ గది పక్కన, వెనక గోడకు ఆనించి పెట్టడం కూడా మంచిది కాదు.

ఫ్రిజ్ లేని ఇళ్లకు రంజన్ పనికొస్తుంది. పెద్ద కుండలో చిన్న కుండ పెట్టి, మధ్య ఇసుకను తడిపితే ఆవిరయ్యే నీరు లోపలి వేడిని లాగేస్తుంది. మే నెల పొడిగాలిలో ఇది బాగా పనిచేస్తుంది, వానాకాలపు తేమలో అంతగా పనిచేయదు. కెన్యాలోని దగాహలే శరణార్థి శిబిరంలోని ఉష్ణోగ్రతల్లాగే 25 నుంచి 37 డిగ్రీల మధ్య మారే వేడిలో నాలుగు వారాలు ఉంచినా ఇన్సులిన్ పటుత్వం నిలిచిందని జెనీవా విశ్వవిద్యాలయం, సరిహద్దుల్లేని వైద్యుల సంస్థ పరిశోధన 2021లో చూపింది. ఫ్రిజ్ లేదని రోగులు ఇన్సులిన్ మానుకోనక్కర్లేదు.

తేటగా ఉండాల్సిన మందు మసకబారినా, తెల్లటి రకంలో కలిపాక కూడా ఉండలు మిగిలినా వాడకూడదు. ఒకసారి గడ్డకట్టిన సీసా కరిగాక మామూలుగా కనిపించినా పారేసి కొత్తది తెచ్చుకోవాలి.