గంధకపు బుగ్గలలో జీవనము

ఇటలీ దేశమున నేపుల్స్ నగరమునకు పడమట పొజ్జువోలి యను సముద్రతీర పట్టణము కలదు. దాని చేరువనే సొల్ఫతారా యను అగ్నిపర్వత బిలమున్నది. అచట నేల తెల్లబారి యుండును. పగుళ్లనుండి ఆవిరి చిమ్ముచుండును. కుళ్లిన కోడిగ్రుడ్ల కంపు ముక్కుల నదరగొట్టును. గుంటలలో బూడిదవన్నె బురద కుతకుత నుడుకుచుండును. ఇది అగ్నిదేవుడగు వల్కను నివాసమని ప్రాచీన రోమనులు తలంచిరి. అట్టి తావున ప్రాణి బ్రదుకునా? బ్రదుకును. బ్రదుకుటయే కాదు, నేలనుండి వెలువడు వాయువునే ఆహారముగా గొనును.

ముందుగా ఆ ఆహారమెట్టిదో తెలిసికొందము. ఒక కర్బన పరమాణువుతో నాలుగు ఉదజని పరమాణువులు చేరినచో మీథేను వాయువగును. కర్బనోదజని సమ్మేళనములలో ఇదియే మిక్కిలి సరళమైనది. 1776 లో వోల్టా పండితుడు ఉత్తర ఇటలీలోని మజ్జోరె సరస్సు బురదనుండి దీనిని పట్టి పరీక్షించెను. మన వరిచేల బురదలోను ఇది పుట్టుచున్నది. దీనిని తిని జీవించు బాక్టీరియా కలవని శాస్త్రజ్ఞులు చాలకాలముగా నెరుగుదురు. కాని తీవ్రమైన ఆమ్లములో పెరుగునట్టిది 2007 వరకు ఒక్కటియు వారి చేతికి చిక్కలేదు.

అప్పుడొక విచిత్రము జరిగినది. ఇటలీలోని సొల్ఫతారా, న్యూజీలండులో ‘నరకద్వార’మని పేరొందిన టికిటెరె, రష్యాలోని కంచట్కా — ఈ మూడు చోట్లనుండి మూడు పరిశోధక బృందములు ఇంచుమించు ఒకేకాలమున అట్టి జీవులను వెలికితీసినవి. మూడును దగ్గరి చుట్టములే! సొల్ఫతారా జీవికి మిథైలాసిడిఫిలం ఫ్యూమారియోలికం అని పేరిడిరి. సుమారు 55 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమి దీనికి హితము. పి. హెచ్. 0.8 వరకును ఇది పెరుగగలదు. అనగా నిమ్మరసముకంటె పదిరెట్లకు మించిన ఆమ్లత్వమన్నమాట.

పొయ్యిలో మీథేను ఒక్కసారిగా భగ్గున మండును. ఈ సూక్ష్మజీవి దానినే మెట్లుమెట్లుగా, మంట లేకుండ మండించుకొనును. మొదట ఒక ఎంజైము గాలిలోని ప్రాణవాయువును గొని, మీథేనును మిథనాలుగా మార్చును. ఈ మెట్టునకు శక్తి వ్యయమగును. పిదప మిథనాలు ఫార్మిక్ ఆమ్లముగను, అది బొగ్గుపులుసు వాయువుగను మారుచు, వ్యయమైన శక్తిని వడ్డీతో తీర్చును. ఇక దేహనిర్మాణమునకు కావలసిన కర్బనమును ఈ జీవి బొగ్గుపులుసు వాయువునుండియే గ్రహించును. పచ్చని ఆకులు చేయు పనియు ఇదియే కదా! ఆకునకు ఎండ యెట్లో దీనికి మీథేను అట్లు.

అయినను ఒక చిక్కు మిగిలినది. ప్రయోగశాలలో తెలిసిన పోషకములన్నియు నిచ్చినను ఈ బాక్టీరియా సరిగా పెరుగలేదు. బిలమునుండి తెచ్చిన బురదనీరు చేర్చినప్పుడే పెరిగినది. ఆ నీటిలోని రహస్యమేమి? నెదర్లాండ్సులోని నైమేగన్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు వెదకివెదకి 2014 లో దానిని ప్రకటించిరి. లాంథనము, సీరియము మొదలగు విరళమృత్తిక లోహములే ఆ రహస్యము. మిథనాలును మార్చు ఎంజైము నడిబొడ్డున ఇట్టి లోహ పరమాణువు లేనిదే ఆ పని సాగదు. ఆమ్లము రాతిని కరగించి ఈ లోహములను నీటిలోనికి దింపుచున్నది. ఇతర జీవులకు మృత్యువైన పులుపే దీనికి వంటవాడైనది!

1839 లో స్వీడను రసాయన శాస్త్రజ్ఞుడు మొసాండరు లాంథనమును కనుగొని, ‘దాగియుండుట’ యను గ్రీకు మాటనుండి దానికి పేరు పెట్టెను. జీవలోకములో దాని ప్రయోజనము అటుపిమ్మట నూటడెబ్బది యేండ్లకు పైగా దాగియే యుండెను. జీవులకు ఈ లోహములతో పనిలేదని పెక్కుమంది నమ్మిరి. గాలిలో చేరిన మీథేను నూరేండ్ల లెక్కలో బొగ్గుపులుసు వాయువుకంటె ఇరువదియైదు రెట్లకు పైగా భూమిని వేడెక్కించును. కనుక దానిని నేలలోనే తిని హరించు ఈ జీవుల అవసరములను తెలిసికొనుట వట్టి వేడుక కాదు.

మన భీమునిపట్టణపు తీరపు ఇసుకలోని మోనజైటు ఖనిజమునందును ఈ లోహములే కలవు. ఈసారి ఆ తీరమున విద్యార్థులు పిడికెడు ఇసుక చేతికి తీసికొన్నప్పుడు, దూరపు బురదగుంటలోని ఆ చిన్నిప్రాణిని తలంచుకొందురు గాక!