లా ఎంట్రన్స్ కోసం ట్యాబ్ కొనాలా?

అనకాపల్లి జిల్లా సబ్బవరంలోనే దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. ఇంటి పక్కనే అయినా, సీటు కావాలంటే దేశమంతా రాసే క్లాట్ రాయాల్సిందే. మరి ప్రిపరేషన్‌కి కొత్త ట్యాబ్ అవసరమా?

క్లాట్: పేపర్, ఓఎమ్మార్ షీట్. 120 ప్రశ్నలు, 2 గంటలు, తప్పు రాస్తే 0.25 కట్. అన్నీ పెద్ద పెద్ద పేరాలే. స్క్రోల్ చేయడం అలవాటైతే పరీక్షలో పేజీలు తిప్పడానికే టైమ్ సరిపోతుంది. పాత పేపర్లు ప్రింట్ తీసి పెన్నుతో రాయండి.

ఏపీ లాసెట్: కంప్యూటర్‌ మీద 120 ప్రశ్నలు, 90 నిమిషాలు, నెగెటివ్ మార్కులు లేవు. మాక్ టెస్టులకు మౌస్ ఉన్న సిస్టమ్ బెస్ట్. ఇంట్లో లేకపోతే నెట్ సెంటర్‌కి వెళ్లండి.

కరెంట్ అఫైర్స్‌కి, టైమర్‌కి ఇప్పుడున్న ఫోన్ చాలు. చదివేటప్పుడు ఫోకస్ మోడ్ ఆన్ చేయండి. ట్యాబ్ డబ్బులు ప్రింట్‌అవుట్లకు, ఫీజుకు పెట్టండి.