నునుపు నేలకు నూలు జంబుఖానా

కర్నూలు జిల్లా పడమటి ప్రాంతపు ఇళ్లలో నేల అంటే చాలాకాలం బేతంచెర్ల నాపరాయే. ఇప్పుడు దాని స్థానంలో గ్రానైటు, టైల్సు వచ్చాయి. స్థోమత ఉన్న కొన్ని ఇళ్లలోనూ, అమెరికాలో స్థిరపడిన పిల్లల ఇళ్లలోనూ చెక్క పలకల నేల కనిపిస్తున్నది. రాయి అయినా చెక్క అయినా ఈ నేలలన్నీ గట్టివి, నునుపైనవి కాబట్టి, వాటిమీద పరిచేదానిని రంగు చూసి కాక నేత చూసి ఎంచుకోవడం మేలు.

నేలమీద పరిచేవాటి విషయంలో ఈ ప్రాంతంలోని ఆదోనికి చెప్పుకోదగిన చరిత్ర ఉన్నది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేవరకు బళ్లారి జిల్లాలో ఉన్న ఈ పట్టణం గురించి రాస్తూ, 1911 నాటి బ్రిటానికా విజ్ఞాన సర్వస్వం తివాచీలను, పట్టు, నూలు వస్త్రాలను అక్కడి ఉత్పత్తులుగా పేర్కొన్నది. చుట్టూ నల్లరేగడి, అందులో పత్తి, ఊళ్లోనే పెద్ద పత్తి మార్కెట్టు ఉన్న చోట నేలమీద పరిచే నూలు పరుపు అయిన జంబుఖానా మీద మక్కువ పుట్టడం సహజమే.

తివాచీలో పడుగు పోగులకు, అంటే మగ్గంమీద నిలువుగా సాగదీసిన దారాలకు, ముడులు వేసి, వాటి కొసలను కత్తిరించి నిలబెడతారు. ఈ నిలువు కొసల పొరను నూగు అనవచ్చు. జంబుఖానాకు నూగు ఉండదు. అడ్డంగా నడిచే పేక దారాన్ని ఇనుప పళ్లున్న పంజాతో గట్టిగా దట్టించడంవల్ల పడుగు పూర్తిగా మరుగునపడి, రెండువైపులా ఒకే రూపం వస్తుంది. 1938లో మాచాని సోమప్ప స్థాపించిన చేనేత సహకార సంఘంతో పేరు పొందిన ఎమ్మిగనూరు దుప్పటిని పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది: దుప్పటిలో పడుగూ పేకా రెండూ కంటికి కనిపిస్తాయి, జంబుఖానాలో గోటితో పేకను పక్కకు జరిపితే తప్ప పడుగు బయటపడదు. అలా జరిపినప్పుడు పేక సులభంగా కదిలి, వెలుతురుకు ఎత్తి పట్టినచోట సందులు కనిపిస్తే, ఆ నేత పలుచన అని, కాళ్లకింద త్వరగా సాగిపోతుందని గ్రహించాలి.

రేగడి దుమ్ము ఎక్కువగా వచ్చే ఆదోని, ఎమ్మిగనూరు ఇళ్లకు నూగు లేని నూలు పరుపే తగినది. దుమ్ము నూగులో దాగినంతగా ఇందులో దాగదు, తాడుమీద వేసి కర్రతో కొడితే రాలిపోతుంది. చలిదేశంలోని చెక్క ఇంటికి మాత్రం ఉన్ని తివాచీ వెచ్చదనాన్ని ఇస్తుంది.

కొలత విషయంలో నేల అంచు కనిపించేలా చూడాలి. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు ఉన్న గదిలో 9 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు ఉన్నది పరిస్తే రెండువైపులా అడుగున్నర, మిగిలిన రెండువైపులా రెండడుగుల నేల మిగులుతుంది. సోఫా ముందు కాళ్లు పరుపుమీదికి రావడం మంచిది, అప్పుడది జారదు.

తేలికైన జంబుఖానా నునుపు రాతిమీద జారి వృద్ధులను పడవేసే ప్రమాదం ఉన్నందున, కింద జారకుండా పట్టే జాలీ వేయడం అవసరం. చెక్క నేలకు మాత్రం కొన్ని రకాల రబ్బరు, ప్లాస్టిక్ పొరలు మెరుగుకు మరక పట్టిస్తాయి గనుక, చెక్కకు సరిపోతుందని తెలిసిన జాలీనే వాడాలి. పరుపు కింద చేరిన ఇసుక రేణువులు ఆ మెరుగును గీరుతాయి. ఎండ తగిలిన చెక్క రంగు మారి, కప్పిన భాగం వేరుగా తేలుతుంది. అందుకే అప్పుడప్పుడు పరుపును ఎత్తి ఊడ్చి, దిశ మార్చి వేయాలి.

కొనేముందు తడిపిన తెల్లగుడ్డతో ఒక మూల రుద్ది చూస్తే రంగు నిలుస్తుందో లేదో తెలుస్తుంది. ఎరుపు, నలుపు రంగుల దగ్గర ఈ పరీక్ష తప్పనిసరి. ఉతికిన జంబుఖానాను పూర్తిగా ఆరనిచ్చి, మడత పెట్టకుండా చాపలా చుట్టి నిలువ చేస్తే మడత గీత వెంట పోగు తెగదు.