బండి నడపడం వచ్చు.. చెప్పడమే రావడం లేదు!
ఐఈఎల్‌టీఎస్ మౌఖిక పరీక్షలో తడబడుతున్న గ్రామీణ విద్యార్థులు
బట్టీ సమాధానాలతో దక్కని మార్కులు

నరసరావుపేట: ఊహ తెలిసినప్పటి నుంచి నాన్న బండి ట్యాంకుపై కూర్చుని తిరిగినవారే. క్లచ్చు, గేరు సంగతులు పొలం గట్ల మీదే నేర్చినవారే. అయినా ‘మీ బైకు గురించి రెండు నిమిషాలు మాట్లాడండి’ అని ఆంగ్లంలో అడిగేసరికి అర నిమిషానికే మాట ఆగిపోతోంది. విదేశాల్లో ఎం.ఎస్. చదవాలన్నా, నర్సుగా స్థిరపడాలన్నా ముందుగా దాటవలసిన ఐఈఎల్‌టీఎస్ పరీక్షలో గ్రామీణ ప్రాంత విద్యార్థులకు ఎదురవుతున్న ఇబ్బంది ఇది.

పరీక్ష రుసుము 17 వేల రూపాయలకు పైమాటే. వచ్చిన స్కోరు రెండేళ్లపాటు మాత్రమే చెల్లుతుంది. పలు విశ్వవిద్యాలయాలు మొత్తం మీద 6.5 బ్యాండ్, ఏ విభాగంలోనూ 6కు తగ్గరాదన్న నిబంధన పెడుతున్నాయి. బ్రిటన్‌లో నర్సుగా నమోదు కావాలంటే మాట్లాడటంలో 7 తెచ్చుకోవాల్సిందే. అర బ్యాండ్ తగ్గితే ప్రవేశం ఏడాది వెనక్కి పోయే ప్రమాదం ఉంది. పొలం తాకట్టు పెట్టి ఫీజులు కడుతున్న కుటుంబాలకు ఈ అర బ్యాండ్ విలువ వేరే చెప్పనక్కర్లేదు.

పరీక్ష తీరు ఇదీ..

మౌఖిక పరీక్ష 11 నుంచి 14 నిమిషాలు సాగుతుంది. ఇందులో మూడు భాగాలు ఉంటాయి. మొదటి నాలుగైదు నిమిషాల్లో ఊరు, చదువు, అలవాట్ల వంటి పరిచిత విషయాలపై చిన్న ప్రశ్నలు వేస్తారు. చిన్నప్పుడు సైకిలు ఉండేదా, ఇప్పుడు తొక్కుతున్నారా, మీ ప్రాంతంలో సైకిళ్ల వాడకం ఎలా ఉంది అన్న తరహా ప్రశ్నలు ఇక్కడివే. రెండో భాగంలో ఒక కార్డు చేతికిస్తారు. ఆలోచించుకోవడానికి ఒక నిమిషం గడువు, రాసుకోవడానికి కాగితం, పెన్సిలు ఇస్తారు. ఆపై ఒకటి నుంచి రెండు నిమిషాలు ఆగకుండా మాట్లాడాలి. మూడో భాగంలో అదే అంశాన్ని సమాజానికి ముడిపెట్టి చర్చిస్తారు. ధారాళత, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ.. ఈ నాలుగింటికీ సమాన ప్రాధాన్యంతో మార్కులు వేస్తారు. చెప్పిన విషయం నిజమా, కల్పితమా అన్నది పరీక్షకుడికి అక్కర్లేదు. లైసెన్సు రాకముందే బండి నడిపిన సంగతి చెప్పవచ్చా అని కొందరు సందేహిస్తుంటారు. ఎదుట కూర్చున్నది రవాణా శాఖ అధికారి కాదు కనుక నిస్సంకోచంగా చెప్పవచ్చు.

తెలుగు ఆలోచన.. ఆంగ్ల వాక్యం

బైకు అన్న పదంతోనే చిక్కు మొదలవుతుంది. మనకు బైకంటే మోటారు సైకిలే. బ్రిటిష్ వాడుకలో ‘బైక్’ అంటే చాలా సందర్భాల్లో తొక్కే సైకిలు. పరీక్షకుడు సైకిలు గురించి అడిగితే అభ్యర్థి పెట్రోలు ధర గురించి చెప్పడం ఇందువల్లే. అనుమానం ఉంటే, మీరడిగేది సైకిలు గురించా, మోటారు బైకు గురించా అని ఆంగ్లంలోనే ఒక్క మాట అడిగితే సరిపోతుంది. అలా అడిగినందుకు మార్కులు తగ్గవు.

క్రియాపదం దగ్గర మరో చిక్కు ఉంది. తెలుగులో సైకిలు తొక్కుతాం, బండి నడుపుతాం, కారూ నడుపుతాం. దాంతో ‘ఐ డ్రైవ్ బైక్’ అనేస్తుంటారు. ఆంగ్లంలో రెండు చక్రాల వాహనానికి, గుర్రానికి కూడా ‘రైడ్’ వాడతారు. ‘డ్రైవ్’ కారుకు, లారీకి చెల్లుతుంది. మన భాషలో లేని ‘ఎ’, ‘ది’ అన్న చిన్న పదాలు జారిపోవడం మామూలే. ‘నాకు బండి ఉంది’ అనడానికి ‘ఐ యామ్ హావింగ్ ఎ బైక్’ అనడం మరీ ఎక్కువ. ‘ఐ హావ్ ఎ బైక్’ అంటే చాలు. గతంలో అలవాటుగా చేసిన పనులకు ‘యూజ్డ్ టు’ ఉపయోగించడం సాధన చేస్తే, చిన్ననాటి సైకిలు గురించిన ప్రశ్నలన్నింటికీ అది పనికొస్తుంది.

మన వీధుల్లో నిత్యం వినిపించే కొన్ని మాటలు చూడటానికి ఆంగ్లమే అయినా దేశం దాటితే అందరికీ అర్థం కావు. పెట్రోలు బంకును వారు పెట్రోల్ స్టేషన్ అంటారు. టూవీలర్ కంటే మోటార్‌బైక్ లేదా స్కూటర్ అనడం మేలు. పాత స్కూటరు వెనుక ఉండే స్టెప్నీ సంగతి మరీ విచిత్రం. వేల్స్‌లోని లనెల్లి పట్టణంలో స్టెప్నీ వీధి పేరుతో గత శతాబ్ది ఆరంభంలో అదనపు చక్రాలు తయారయ్యాయి. అక్కడ పుట్టిన ఆ పేరును బ్రిటన్‌వారు దాదాపు మరిచిపోగా, మన మెకానిక్కులు మాత్రం ఇప్పటికీ వాడుతున్నారు. పరీక్షలో ‘స్పేర్ వీల్’ అంటే తేలిగ్గా అర్థమవుతుంది.

ఉచ్చారణలో యాసకు మార్కులు కోయరు. తెలుగు యాసతో మాట్లాడినా స్పష్టంగా అర్థమైతే చాలు. అయితే బైకు, రోడ్డు, బస్సు అని చివర అచ్చు చేర్చే అలవాటును ఆంగ్లంలో మాట్లాడేటప్పుడు మానుకోవాలి. ‘పంచరు’ అనకుండా ‘పంక్చర్’ అనాలి. ‘బైసికిల్’ను ‘బైసైకిల్’ అని పలకడం తరచూ వినిపించే పొరపాటు.

పరీక్షకుడు పసిగడతాడు

జిరాక్సు కేంద్రాల్లో దొరికే జవాబుల కట్టలను కొని వల్లెవేస్తున్నవారు పట్టణంలో కనిపిస్తూనే ఉన్నారు. కొన్ని శిక్షణ కేంద్రాలు సైతం వీటినే అందిస్తున్నాయి. పేరు, ఊరు చెప్పేటప్పుడు తడబడిన విద్యార్థి, సైకిలు అనగానే పర్యావరణంపై గడగడా ఉపన్యాసం అందుకుంటే పరీక్షకుడికి అసలు సంగతి ఇట్టే తెలిసిపోతుంది. బట్టీ పట్టిన భాష అభ్యర్థి సొంత సామర్థ్యంగా లెక్కకు రాదు. ప్రశ్న కాస్త మారినా ఆ జవాబు అతకదు. డబ్బు పెట్టి కొన్న కట్ట కంటే సొంత ఇంటి ముచ్చట ఎంతో ఉపయోగం.

ఉదాహరణకు, కార్డుపై ‘మీ ఇంట్లో ముఖ్యమైన ఒక వాహనం’ అని ఉందనుకుందాం. దొరికిన ఒక్క నిమిషంలో పూర్తి వాక్యాలు రాయబోతే సమయం చాలదు. ‘నాన్న.. పాల క్యాన్లు.. తెల్లవారుజామున 5.. కాలువ గట్టు.. వానలో ఆగిపోయింది.. ఇప్పటికీ అమ్మలేదు’ అని ఆరు గుర్తులను ఆంగ్లంలో రాసుకుంటే సరి. నాన్న ఏ సంవత్సరం కొన్నారు, డబ్బు ఎలా సమకూరింది, క్యాన్లు కట్టడానికి పక్కన ఇనుప కొక్కేలు ఎలా పెట్టించారు, వానలో ఆగిన రోజు ఎవరు సాయం చేశారు, ఎందుకు అమ్మలేదు.. ఒక్కో గుర్తుకు మూడు వాక్యాలు చెప్పినా రెండు నిమిషాలు నిండుతాయి. కొన్న నాటి సంగతికి భూతకాలం, రోజూ చేసే పనికి వర్తమానం, ముందుముందు విద్యుత్తు బండి కొనాలన్న ఆలోచనకు భవిష్యత్తు సహజంగా వచ్చి చేరతాయి. వ్యాకరణంలో వైవిధ్యం అంటే ఇదే.

బండి నేర్చుకోని విద్యార్థినులు ఈ ప్రశ్న వస్తే ఏం చేయాలని అడుగుతుంటారు. లేదు అన్నదీ మంచి జవాబే. ఇంట్లో తమ్ముడికి నేర్పించి తనకు నేర్పించలేదని, కళాశాలకు రోజూ బస్సులో వెళుతున్నానని, ఉద్యోగం వచ్చాక తొలి జీతంతో స్కూటీ కొంటానని చెప్పగలిగితే అంతకు మించిన సమాధానం ఉండదు. ‘నో’ అని అక్కడితో ఆపేయడమే నష్టం.

మూడో భాగానికి కొంత లోకజ్ఞానం అవసరం. నగరాల్లో సైకిళ్లకు ప్రత్యేక దారి ఉండాలా అని అడిగితే, హైదరాబాదు బాహ్యవలయ రహదారి వెంట 2023లో ప్రారంభమైన 23 కిలోమీటర్ల సౌర పైకప్పు సైకిల్ ట్రాక్‌ను ప్రస్తావించవచ్చు. శిరస్త్రాణం గురించి అడిగితే, 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో మరణించిన 1,68,491 మందిలో సుమారు 44.5 శాతం ద్విచక్ర వాహనాలపై వెళ్లినవారేనని గుర్తు చేయవచ్చు. అంకెలకు విడిగా మార్కులు ఉండవు. అభిప్రాయం చెప్పి, దానికి కారణం చూపి, ఒక ఉదాహరణ ఇవ్వడం ముఖ్యం. ఊళ్లో రహదారి మలుపు వద్ద తరచూ జరిగే ప్రమాదాల గురించి చెప్పినా సరిపోతుంది.

సాధనకు ఖర్చు లేదు

సెల్‌ఫోనులో రెండు నిమిషాలకు గంట పెట్టుకుని మాట్లాడాలి. దానిని రికార్డు చేసి మరునాడు వినాలి. అదే రోజు వింటే మన తప్పు మనకు తెలియదు. ఎక్కడ ఆగామో, ఏ పదం పదేపదే వాడామో కాగితంపై రాసుకుని, రెండోసారి అదే అంశాన్ని వేరే వాక్యాలతో చెప్పాలి. ఇద్దరు మిత్రులుంటే ఒకరు పరీక్షకుడిగా కూర్చుని, ఒకే ప్రశ్నను రకరకాలుగా మార్చి అడగడం ఇంకా మంచిది. మధ్యలో తప్పు దొర్లితే వెంటనే సరిదిద్దుకుని సాగిపోవచ్చు. ప్రతి వాక్యాన్నీ వెనక్కి తిప్పుకుంటే మాత్రం ధారాళత దెబ్బతింటుంది. ప్రశ్న వినపడకపోతే మళ్లీ చెప్పమని అడగడానికి మొహమాటపడనక్కర్లేదు.

రాయడం, చదవడం, వినడం పరీక్షలు జరిగే రోజునే కాక మౌఖిక పరీక్ష వేరే రోజున కూడా ఉండవచ్చు. తేదీ, సమయం ముందే సరిచూసుకుని ప్రయాణం పెట్టుకోవాలి. దరఖాస్తులో చూపిన పాస్‌పోర్టు అసలు ప్రతిని వెంట తీసుకువెళ్లాలి. నకలు ప్రతితో వస్తే లోపలికి అనుమతించరు.