అలల అంచున చిన్న రైలు: దెబ్బతిన్న దారిని నిలుపుకొనుట ఎట్లు?

తుఫాను వెలిసిన మరునాటి ఉదయమున అనేక గ్రామ పంచాయతీ కార్యాలయములలో ఒకే ప్రశ్న వినవచ్చును. కల్వర్టు ఒక ప్రక్కకు కుంగినది. రోడ్డు అంచు కోసుకొనిపోయినది. దారిని పూర్తిగా మూసివేయవలెనా? లేక బాగుగా నున్న మేరకు వాడుకొనుచు, చెడిన మేరకు బాగుచేసికొనవలెనా? కాకినాడ నుండి ఉప్పాడ పోవు తీరపు రోడ్డును కెరటములు మరల మరల కోసివేయుట చూచినవారికి ఈ ప్రశ్న ఎంత కఠినమైనదో చెప్ప పనిలేదు.

ఇదే ప్రశ్నకు 140 ఏండ్లకు పైగా ఆచరణలో సమాధానము చెప్పుచున్న చిన్న రైలుమార్గ మొకటి ఇంగ్లండు దక్షిణ తీరమున, బ్రైటన్ పట్టణమున కలదు. దాని పేరు వోక్స్ ఎలక్ట్రిక్ రైల్వే. ఇది సరకులు మోయునది కాదు. సముద్రపు గాలికై వచ్చు యాత్రికులను ఒడ్డు వెంబడి సుమారు ఒకటిన్నర కిలోమీటరు దూరము త్రిప్పునది మాత్రమే. నేడు దీని యజమాని ఏదో ఒక కంపెనీ కాదు, ఆ దేశపు రైల్వేశాఖయు కాదు. మన పంచాయతీల వలెనే ప్రజలు ఎన్నుకొన్న ఒక స్థానిక సంస్థ. కావున దీని కథలో మన పంచాయతీ సభ్యులు తెలిసికొనదగిన విషయములు కొన్ని కలవు.

ఆరంభము

బ్రైటన్‌లో స్థిరపడిన ఒక జర్మన్ గడియారముల పనివాని కుమారుడు మాగ్నస్ వోక్. విద్యుచ్ఛక్తి ఇంకను వింతగా నున్న ఆ దినములలో ఆయన పట్టణ సంస్థ అనుమతి పొంది, 1883 ఆగస్టు 4వ తేదీన సముద్రపు ఒడ్డున ఒక చిన్న విద్యుత్ రైలును నడిపెను. దారి పొడవు పావు మైలు. పట్టాల నడుమ ఎడము రెండే అడుగులు. గ్యాసుతో నడుచు చిన్న ఇంజను ఒకటి డైనమోను త్రిప్పి, 50 వోల్టుల విద్యుత్తు నిచ్చెడిది. మరుసటి ఏడే దారిని తూర్పునకు పొడిగించి, పట్టాల ఎడమును రెండడుగుల ఎనిమిదిన్నర అంగుళములకు పెంచిరి. నేటికిని అదే ఎడము నిలిచియున్నది. ప్రపంచములో ఇప్పటికిని నడుచుచున్న విద్యుత్ రైలుమార్గములలో మిక్కిలి పాతది ఇదియే.

మొదటి నుండియు దీని శత్రువు సముద్రమే. తొలుత విద్యుత్తును బండి నడుచు రెండు పట్టాల గుండనే పంపిరి. ఉప్పునీరు తడిపిన పట్టాల నుండి విద్యుత్తు నేలలోనికి జారిపోవుచుండెను. అందుచే 1886లో విద్యుత్తు కొరకు ప్రత్యేకముగా మూడవ పట్టాను వేసిరి. లోపము ఎక్కడ కనబడెనో అక్కడనే సవరించుకొను ఈ అలవాటు ఆ రైలును కాపాడినది.

ఒక తుఫాను, రెండు రైళ్ళు

వోక్ పెద్ద సాహసమునకు కూడ పూనుకొనెను. బ్రైటన్‌కు తూర్పుగా నున్న రాటింగ్‌డీన్ గ్రామము వరకు మరియొక రైలును నడుపదలచెను. ఒడ్డున కొండచరియ లుండుటచే ఆ దారిని సముద్రములోనే వేసెను. అడుగున నున్న సుద్దరాతిపై కాంక్రీటు దిమ్మెలు నాటి, వానిపై పట్టాలు బిగించిరి. పోటు వేళ ఆ పట్టాలు నీటిలో మునిగియుండును. అందుచే బండిని ఇరువదిమూడడుగుల ఎత్తు గల నాలుగు ఉక్కు కాళ్ళపై నిలిపిరి. 45 టన్నుల బరువు గల ఆ బండిలో 150 మంది కూర్చుండవచ్చును. సముద్రములో నడుచు వాహనమగుటచే దానిలో ఓడ నడుపు అర్హత గల కెప్టెను నొకనిని, ప్రాణరక్షణ పడవను ఉంచవలసి వచ్చెను! జనులు దానికి ‘పొడుగుకాళ్ళ బండి’ అను అర్థము వచ్చు ముద్దుపేరు పెట్టిరి.

ఆ బండి 1896 నవంబరు 28వ తేదీన ప్రారంభమయ్యెను. వారము దినములు గడువకమునుపే, డిసెంబరు 4వ తేదీ రాత్రి ఘోరమైన తుఫాను వచ్చెను. ఒడ్డున నున్న పాత చెయిన్ పియరు కూలిపోయెను. దాని శిథిలములు కెరటములలో కొట్టుకొనివచ్చి, ఒడ్డున నున్న చిన్న రైలు దారిని దెబ్బతీసెను. సముద్రములోని పెద్ద బండి ప్రక్కకు ఒరిగి పాడయ్యెను.

రెండు దారులును దెబ్బతిన్నవి, రెండింటిని బాగుచేసిరి. పెద్ద బండి 1897 జూలైలో మరల నడిచెను. కాని 1900లో దాని దాపున కట్టిన అడ్డుగోడల మూలమున నీటి ఒరవడి మారి, పట్టాల దిమ్మెల క్రింద నేల కోసుకొనిపోయెను. మరమ్మతుకై రెండు నెలలు బండి నిలిచెను. అంతలో పట్టణ సంస్థ తీర రక్షణకై మరియొక కట్టడము తలపెట్టి, దారిని ప్రక్కకు మార్చుకొమ్మనెను. నీటిలోని దారిని మార్చుట కగు ధనము వోక్ వద్ద లేదు. 1901లో ఆ దారి మూతపడెను. కాని అదే సంవత్సరమున ఒడ్డున నున్న చిన్న రైలును బ్లాక్ రాక్ అను చోటి వరకు పొడిగించిరి!

ఒకే మనిషి కట్టిన రెండు దారులలో ఒకటి అయిదేండ్లలో అంతరించెను, రెండవది నేటికిని నడుచుచున్నది. తేడా ఎక్కడ? పెద్ద దారి చెడినచో దానిని చూచుటకే పాటు వేళ వరకు వేచియుండవలెను. చిన్న దారి చెడినచో కూలివారు పలుగు, పార చేతబట్టి నడచిపోయి బాగుచేయగలరు. అందుబాటులో నుండి, కొంచెము కొంచెముగా బాగుచేసికొనదగినదే చిరకాలము నిలుచును.

తీరమున పట్టా ఎట్లు చెడును?

రైలుదారి అనగా పట్టాలు మాత్రమే కాదు. పట్టాల క్రింద అడ్డముగా స్లీపర్లు, వాని క్రింద కంకర, దాని క్రింద గట్టినేల ఉండును. బండి బరువు ఈ మూడింటి ద్వారా నేలకు దిగును. వీనిలో ఏది సడలినను పై పట్టా వంగును, లేక ఎడము మారును. ఎడము మారినచో చక్రము పట్టా దిగును.

సముద్రపు ఒడ్డున ఈ కీడు నాలుగు విధములుగా వచ్చును. మొదటిది కోత: కెరటము వెనుకకు మరలుచు కంకరను, నేలను లాగుకొనిపోవును; పట్టా పైకి బాగుగనే కనబడును గాని క్రింద డొల్ల ఏర్పడును. ఇది మిక్కిలి ప్రమాదకరము. రెండవది పేరుడు: బ్రైటన్ తీరమున ఇసుకకు బదులు గులకరాళ్ళు మెండు, పెనుగాలి వేళ కెరటములు వానిని దారిపై గ్రుమ్మరించును. మూడవది త్రుప్పు: ఉప్పు గాలికి పట్టాలు, బోల్టులు, మేకులు క్షీణించును. నాలుగవది కుళ్ళు: తడియు, ఎండయు మారి మారి తగులుటచే కొయ్య స్లీపర్లు పుచ్చి, మేకు పట్టు సడలును.

కోతను అరికట్టుటకు బ్రైటన్ పట్టణ సంస్థ ఒడ్డు నుండి సముద్రములోనికి అడ్డుగోడలు కట్టించెను. ఒడ్డు వెంబడి కదలిపోవు గులకరాళ్ళు ఈ గోడల కానుకొని మేటవేయును. మొదట చిన్న రైలు చాల మేరకు కొయ్య స్తంభములపై నడిచెడిది. పోటు వేళ దాని క్రిందనే అలలాడెడివి. కాలక్రమమున మేట పెరిగి దారి క్రిందనే ఒడ్డు ఏర్పడెను. పొడుగుకాళ్ళ బండికి కీడు చేసిన అడ్డుగోడల వంటివే చిన్న రైలుకు కాపు కాసినవి. తీరమున ఒకచోట కట్టిన గోడ మరియొకచోట కోతకు కారణము కావచ్చునని దీనివలన తెలియుచున్నది. కావున నిపుణుల సలహా లేక తీరమున రాయి వేయుటయు తగదు.

చెడిన దారితో బండి నడుపు పద్ధతి

దారి ఎక్కడనో చెడినదని బండిని పూర్తిగా ఆపివేసినచో రాబడి పోవును. రాబడి పోయినచో మరమ్మతుకు పైకము ఉండదు. అట్లని లెక్కచేయక నడిపినచో ప్రాణములకు ముప్పు. ఈ రెంటి నడుమ నున్న మార్గమునే రైలు పనివారు అనుసరింతురు.

మొదటి మెట్టు కాలినడక తనిఖీ. బండి కదలుటకు ముందు అనుభవజ్ఞుడైన మనిషి దారి పొడవునను నడచి, సడలిన బోల్టును, పుచ్చిన స్లీపరును, క్రుంగిన చోటును గుర్తించి పుస్తకమున వ్రాయవలెను. ‘ఎక్కడనో కొంచెము బాగులేదు’ అన్న వ్రాత పనికిరాదు; ఏ చోట, ఎంత మేర, ఏమి లోపమో తెలుపవలెను.

రెండవ మెట్టు తీర్పు. లోపము స్వల్పమైనచో ఆ మేరకు వేగము తగ్గింతురు. మన రైల్వేలలో దీనినే ‘కాషన్’ అందురు. లోపము పెద్దదైనచో ఆ భాగమును మూసి, తక్కిన భాగమున మాత్రమే బండి నడుపుదురు. బ్రైటన్ రైలుకు రెండు కొనల నడుమ ఒక మధ్య స్టేషను కలదు. బండిని ఏ కొన నుండి యైనను నడుపవచ్చును, త్రిప్పవలసిన పనిలేదు. ఇట్టి అమరిక గల దారికి సగము పని చేయుచు సగము నడుపు వీలుండును. కాని క్రింద డొల్ల ఏర్పడినదని అనుమానము కలిగినచో తీర్పు ఒక్కటే: ఆపివేయుట. అట్టి చోట రాబడి లెక్క చూడరాదు.

మూడవ మెట్టు కాలమును ఎరిగి పనిచేయుట. ఈ రైలు యాత్రికులు వచ్చు వసంత, గ్రీష్మ కాలములలో నడిచి, చలికాలమున నిలిచిపోవును. పెనుగాలుల కాలమును మరమ్మతు కాలము అదియే. స్లీపర్లు మార్చుట, కంకర దట్టించుట, పట్టాలు సరిచేయుట వంటి పెద్ద పనులు అప్పుడు జరుగును. మనము చెరువుగట్ల పనిని వేసవిలో ముగించునట్లే వారు చలికాలమున ముగింతురు.

యాజమాన్యము, ధనము

1938లో చేసిన చట్టము ప్రకారము ఈ రైలు 1940 ఏప్రిల్‌లో బ్రైటన్ పట్టణ సంస్థ స్వాధీనమయ్యెను. ఆ వేసవిలోనే యుద్ధభయముచే తీరమును మూసివేసిరి, రైలు నిలిచెను. యుద్ధము ముగియునప్పటికి దారి శిథిలమైపోయెను. అప్పుడు ‘వినోదపు రైలుకు ఇంత వ్యయమేల?’ అని వదలివేసియున్నచో అడుగువా రుండెడివారు కారేమో. కాని పట్టణ సంస్థ దారిని తిరిగి వేయించి 1948లో బండిని నడిపించెను.

అవసరమైనప్పుడు తగ్గుటకును ఆ రైలు వెనుకాడలేదు. 1930వ దశకమున ఒక కొనను రోడ్డు వెడల్పు కొరకును, వేరొక కొనను ఈత కొలను కొరకును దారిని కొంత కుదించుకొనిరి. మొత్తము పోగొట్టుకొనుట కంటె కొంత విడుచుట మేలు గదా! 1995లో రైలుపై మక్కువ గలవారు ఒక సంఘముగా ఏర్పడి స్వచ్ఛందముగా చేయూత నిచ్చుచున్నారు. 2014లో ఆ దేశపు లాటరీ వారసత్వ నిధి నుండి 16 లక్షల పౌండ్లకు పైగా సహాయము లభింపగా, షెడ్డును, స్టేషనును క్రొత్తగా కట్టి, పాత బండ్లు మూడింటిని బాగుచేయించిరి. పని ముగిసి 2017లో రైలు మరల నడిచెను. దారిని అప్పటి దాక నిలుపుకొనినందుననే ఆ సహాయమునకు అర్హత కలిగినదని గమనింపవలెను. నశించిన దానికి ఎవరును నిధు లీయరు.

మన పంచాయతీలకు

మన గ్రామములలో రైలుదారులు లేకపోవచ్చును; రోడ్లు, కల్వర్టులు, మంచినీటి పైపులు, మురుగు కాలువలు కలవు. వీనిని కట్టిననాడు ప్రారంభోత్సవము జరుగును. కాపాడుటకు ఉత్సవ మేదియు జరుగదు. అయినను గ్రామప్రజలకు ఏండ్ల తరబడి ఉపకరించునది ఆ కాపాడుటయే. కావున ప్రతి పంచాయతీయు తన ఆస్తులకు ఒక పుస్తకము తెరువవలెను. వర్షాకాలమునకు ముందు ఒకసారి, తరువాత ఒకసారి సభ్యులు స్వయముగా నడచి చూచి లోపములను అందు వ్రాయవలెను. ఆ జాబితాను గ్రామసభలో చదివి, ఏ పని ముందో, ఏ పని వెనుకనో తీర్మానింపవలెను. బడ్జెటులో నిర్వహణకై కొంత మొత్తమును ముందే ప్రత్యేకించి, క్రొత్త పనులకు దానిని మరలింపకుండ జాగ్రత్త పడవలెను. కల్వర్టు కుంగినచో బరువు బండ్లను ఆపి, కాలిబాటను సురక్షితముగా నుంచగలమేమో ఇంజనీరు నడిగి తెలిసికొనవలెను.

గోటితో పోవుదానిని గొడ్డలి దాక తేరాదని మన పెద్దలు చెప్పిరి. ఒక సడలిన బోల్టును నేడు బిగించుటకు ఒక మనిషి, ఒక గంట చాలును. రేపు దాని కొరకు దారినంతటిని మూయవలసి రావచ్చును. బ్రైటన్ తీరమున సముద్రము ఇంకను అలసిపోలేదు. ఆ చిన్న రైలును నడుపువారును అలసిపోలేదు. మన గ్రామమునకు ఉన్న దారి చిన్నదైనను, దానిని నిలుపుకొను పట్టుదల మనకును కలుగవలెను.